రహీమ్ సాహెబు

సూర్యాపేటనుండి గాని కోదాడనుండి గాని బస్సులో హైదరాబాదునకు పోవువారు మలకుపేట దాటి, చాదర్‌ఘాటు మీదుగా నగరములో ప్రవేశింతురు. ఆ చాదర్‌ఘాటు హైస్కూలులోను, దానికి చేరువనున్న కాచిగూడ మిడిల్ స్కూలులోను పిల్లలకు చదువు చెప్పిన ఒక ఉపాధ్యాయుడు భారతదేశపు ఫుట్‌బాలు జట్టును రెండు పర్యాయములు ఆసియా ఖండమున ప్రథమస్థానమున నిలిపెను. ఒక పర్యాయము ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమునకు గొనిపోయెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాదువారు ఆయనను రహీమ్ సాహెబని పిలిచెడివారు. కవుల చరిత్రలును, దేశనాయకుల చరిత్రలును గ్రంథాలయములలో దొరకునంత సులభముగా ఇట్టివారి చరిత్రలు దొరకవు. ఆటలు పిల్లలకే గాని పెద్దలకు తగవను తలంపు మన పల్లెలలో నేటికిని పూర్తిగా పోలేదు.

రహీమ్ సాహెబు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి బి.ఏ. పట్టము పొందెను. అప్పుడచ్చట బోధన యంతయు ఉర్దూభాషలోనే జరుగుచుండెను. విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు జట్టులో ఆయన పేరుగన్న ఆటగాడు. తరువాత నగరములోని క్లబ్బు జట్లలోను ఆడెను. కాని ఆయన కీర్తి తన కాలితో తన్నిన బంతివలన వచ్చినది గాదు. ఇతరుల కాళ్లకు నేర్పిన విద్యవలన వచ్చినది.

నైజాము కాలపు చదువు నెరిగిన పెద్దలకు వస్తానియా, ఫౌఖానియా అను మాటలు తెలిసియే యుండును. అట్టి బడులలోనే ఆయన జీవితము గడచెను. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాటు హైస్కూలు ఆయన పనిచేసిన తావులు. నడుమ వ్యాయామ విద్యయందు డిప్లొమా పొంది, తరువాతి బడులలో ఆటల బాధ్యతను కూడ వహించెను. పల్లెబడులలో డ్రిల్లు మాస్టారనిన పిల్లలను ఎండలో వరుసగా నిలబెట్టి ఈల యూదువాడని వాడుక. ఆ ఉద్యోగమునకే రహీమ్ సాహెబు మరియొక రూపము నిచ్చెను.

1943వ సంవత్సరమున ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యయ్యెను. అప్పటికి హైదరాబాదు, సికింద్రాబాదులలో ఈ ఆట యెరుగని పేట లేదు. సికింద్రాబాదు దండులోని ఆంగ్ల సైనికులవలన ఆట వ్యాపించెను. వారిని చూచి నేర్చిన పిల్లలు వట్టికాళ్లతోనే ఆడుచుండిరి. అయితే ఆ ఆటలో బలమెక్కువ, పొందిక తక్కువ. చేతికందిన బంతిని ఎంత దూరము తన్నగలిగిన అంత గొప్ప; ఒక్కడే బంతిని కాళ్లనడుమ నిలిపికొని నలుగురిని తప్పించుకొని పోగలిగిన మరింత గొప్ప. చూచువారు చప్పట్లు చరచెదరు. ఆట మాత్రము ఓడిపోవును.

దీనికి రహీమ్ సాహెబు చేసిన చికిత్స మిక్కిలి చమత్కారమైనది. ఆయన పిల్లలకు ఉపన్యాసము లీయలేదు. పోటీల నియమములనే మార్చెను. బంతిని కాలివద్ద నిలిపికొని ఒంటరిగా పరుగెత్తరాదని నియమము పెట్టి పోటీలు జరిపించెను. అందు బంతి యందినవాడు వెంటనే తోడివాని కీయక తప్పదు. కుడికాలివాటము గలవాడు ఎడమకాలితోనే ఆడవలెనని మరికొన్ని పోటీలు పెట్టించెను. నాగలి పట్టినవానికి రెండెడ్లును సమముగా లాగవలెనన్న సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు. ఆటగానికి రెండు కాళ్లు నట్లే. పొడవైన పిల్లల నడుమ పొట్టివారు నలిగిపోకుండ ఎత్తు కొలిచి, ఆ కొలతకు లోబడినవారికే ప్రత్యేకముగ పోటీలు నడిపించెను. బీదయిండ్ల పిల్లలు తిండి చాలక పొట్టిగా నుందురు. వారిలో నైపుణ్యము గలవారు మరుగున పడరాదనియే ఈ యేర్పాటని ఊహింపవచ్చును. ఇవన్నియు బడిపంతులు బుద్ధికి తోచు ఉపాయములు. పెద్ద పెద్ద శిక్షణాలయములు లేని కాలమున, ఖర్చు లేకయే, నాలుగైదేండ్లలో ఒక నగరపు ఆటతీరును మార్చివేయుటకు అవి చాలెను.

హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆయన చేతిలో రూపొందెను. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్సు కప్పును ఆ జట్టే గెలిచెను. డిల్లీలోని డ్యూరాండు కప్పును 1950లో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి గెలిచెను. తరువాతను మరికొన్ని పర్యాయములు ఆ కప్పు హైదరాబాదునకు వచ్చెను. అంతకు పూర్వము ఫుట్‌బాలనిన కలకత్తాయే. దక్షిణదేశపు జట్టొకటి అంత తడవు నిలిచి గెలుచుట అందరికిని ఆశ్చర్యము గొలిపెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పక తీరదు. ఆ 1950వ సంవత్సరమున సూర్యాపేట, మిర్యాలగూడెము, కోదాడ ప్రాంతముల పల్లెలు ఇంకను సాయుధపోరాటపు దినములలోనే యుండెను. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరుగలేదు. పోలీసను మాట చెవిని బడినంతనే పొలములకు పారిపోవు జనులకు, అదే పేరుగల జట్టొకటి బొంబాయిలో వేలాది ప్రజల మెప్పు పొందుచున్నదని చెప్పినయెడల ఎట్లు నమ్ముదురు? ఒకే రాష్ట్రమున, ఒకే యేట, ఒకే మాటకు రెండర్థము లుండెను. ఈ జిల్లాలోని పెద్దలు రహీమ్ సాహెబును గురించి ఆ దినములలో ఎక్కువగా వినకపోవుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

1951 మార్చిలో డిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగెను. భారత జట్టునకు రహీమ్ సాహెబు శిక్షకుడు. శైలేన్ మన్నా నాయకుడు. ఫైనలులో ఇరానుపై మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో భారతదేశము స్వర్ణపతకము గెలిచెను. స్వతంత్రదేశమునకు అప్పటికి నాలుగేండ్లైనను నిండలేదు. ప్రధాని నెహ్రూ స్వయముగ ఆ యాటను చూచెను.

మరుసటి యేడే గర్వభంగమయ్యెను. 1952 జూలైలో ఫిన్లాండు దేశపు హెల్సింకి నగరమున ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో భారత జట్టు పది గోల్సకు ఒక గోలుతో ఓడిపోయెను. మనవారిలో పెక్కురు బూట్లు లేకయే ఆడిరి. చలిదేశపు నేలపై వట్టికాలు నిలువలేదు. వట్టికాళ్లతో ఆడుట భారతీయుల ప్రత్యేకత యని అంతవరకు పత్రికలు మురిసిపోయెడివి. ఆ దినముతో ఆ మురిపెము తీరెను. అటుపిమ్మట భారత ఫుట్‌బాలు సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసెను. ఓడిన జట్టు శిక్షకునిపై నిందలు పడుట సహజము. రహీమ్ సాహెబు ఆ పరాజయమునుండి గ్రహించినది బూట్ల సంగతి మాత్రమే కాదు. ఐరోపావారు పరుగులో, బలములో మిన్న. వారిని బలముతో గెలువలేము. మైదానమున నిలుచు తీరుతోనే గెలువవలెను.

ఆ తీరును కొంచెము వివరించుట మంచిది. ఆ కాలమున ప్రతి జట్టులోను సెంటర్ ఫార్వర్డు, అనగా ముందువరుస నడిమివాడు, ఎదుటివారి గోలు ముంగిట నిలిచి బంతికై కాచుకొని యుండెడివాడు. ఎదుటి జట్టులో ఒక బలశాలి వానినే అంటిపెట్టుకొని యుండెడివాడు. రహీమ్ సాహెబు ఆ నడిమివానిని వెనుకకు జరిపెను. కావలివాడు వానివెంట వచ్చెనా, గోలు ముంగిట ఖాళీ యేర్పడును; చేని కావలివాడు ఒక దూడను తోలుకొనుచు పోగా వెనుక మంద పడినట్లగును. రాకపోయెనా, ఆ వెనుకకు వచ్చినవానికి బంతి నందుకొని నలుదెసల చూచి పంచుటకు కావలసినంత తీరిక దొరకును. పొట్టి పొట్టి అందింపులు, ఒక్క తాకుడుతో బంతిని తోడివానికి పంపుట ఈ యాటకు ప్రాణము. హంగెరీ దేశమువారు ఇదే పద్ధతితో 1953లో ఇంగ్లండును లండనులోనే ఓడించి లోకమును అబ్బురపరచిరి. హైదరాబాదు పోలీసు జట్టు అట్టి యాటను అంతకు ముందే ఆడుచుండెనని ఆ కాలపువారు చెప్పెడివారు. ముందు నలుగురు, వెనుక నలుగురు, నడుమ నిద్దరు అను ఏర్పాటును కూడ భారత జట్టునకు అలవరచినది ఆయనయే.

మనుష్యులను గుర్తించుటయందు ఆయన చూపు ఎంత సూక్ష్మమో బలరామ్ కథవలన తెలియును. మిర్యాలగూడెమునుండి రైలెక్కి సికింద్రాబాదునకు పోవువారు ఆ నగరపు శివారులోని అమ్ముగూడ పేరు వినియుందురు. తులసీదాస్ బలరామ్ అచ్చటి బీదకుటుంబమున పుట్టిన బాలుడు. సికింద్రాబాదులో అతడాడుచుండగా రహీమ్ సాహెబు చూచెను. రాష్ట్ర జట్టు ఎంపికకై హైదరాబాదునకు రమ్మని పిలిచెను. ప్రతిదినము అంత దూరము వచ్చుటకు బాలునివద్ద పైక మెక్కడిది? అద్దె సైకిలునకై రహీమ్ సాహెబే డబ్బిచ్చెననియు, బలరామ్ ఆ సైకిలుపైననే వచ్చి ఆడెననియు చెప్పుదురు. 1956లో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచినప్పుడు బలరామ్ అందుండెను. ఆ యేడే మెల్‌బోర్నుకు ప్రయాణమైన భారత జట్టులోను ఉండెను. అతనికప్పుడు ఇరువదియేండ్లు.

1956 నవంబరు, డిసెంబరులలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నులో ఒలింపిక్ క్రీడలు జరిగెను. మన తెలుగువారికి ఆ నవంబరు మరియొక విధమున గుర్తుండును. ఆంధ్రప్రదేశ్ అవతరించినది అప్పుడే. భారత జట్టునకు సమర్ బెనర్జీ నాయకుడు. బలరామ్ గాక అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ మున్నగు హైదరాబాదువారనేకు లందుండిరి. హంగెరీలో తిరుగుబాటు చెలరేగినందున ఆ దేశపు జట్టు రాలేదు. అందుచే మొదటి యాట ఆడకయే భారతదేశము ముందునకు పోయెను. డిసెంబరు 1వ తేదీన ఆస్ట్రేలియాతో పోటీ. వారి దేశమున, వారి ప్రజల యెదుట భారత జట్టు నాలుగు గోల్సకు రెంటితో గెలిచెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు చేసెను. ఆసియా ఖండపు జట్టు ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరుట అదియే మొదలు. సెమీఫైనలులో మరల అదే యుగోస్లావియా. డిసౌజా మొదటి గోలు చేసి కొలది నిమిషములు భారతదేశమునకు ఆధిక్య మిచ్చెను గాని, తుదకు ఎదుటివారు నాలుగు గోల్సు చేసి గెలిచిరి. మూడవ స్థానపు టాటలో బల్గేరియా గెలిచెను. నాలుగేండ్లక్రిందట పది గోల్సు తిన్న జట్టు, అదే ఎదిరిపై ముందంజ వేయగలిగెనన్నదే ఆ పరాజయమున దాగియున్న విజయము.

1960లో రోము నగరమునకు ఆయన గొనిపోయిన జట్టు కఠినమైన వర్గమున బడెను. హంగెరీ చేతిలో రెండు గోల్సకు ఒకటితో ఓడెను. ఫ్రాన్సుతో చెరియొక గోలుతో సరిసమానముగ నిలిచెను. పెరూ చేతిలో ఓడెను. ఆ జట్టులో రహీమ్ సాహెబు కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడ నుండెను. మూడాటలలో ఒక్కదానియందైనను తండ్రి అతనిని మైదానమునకు దింపలేదు. దీనికంటె ఆయన స్వభావమును తెలుపు సంగతి మరియొకటి యుండబోదు.

1962 ఆగస్టులో ఇండొనీషియా రాజధాని జకార్తాలో నాల్గవ ఆసియా క్రీడలు ఆరంభమయ్యెను. అప్పటికే రహీమ్ సాహెబు దేహమున ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రవేశించి యుండెను. ఆయన జబ్బుగా నుండెనని ఆటగాండ్రెరుగుదురు. ఎంత జబ్బో అందరికిని తెలిసియుండదు. చూణీ గోస్వామి నాయకత్వమున వెళ్లిన భారత జట్టు మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్సతో ఓడెను. తరువాత థాయిలాండుపై గెలిచెను గాని, ఆ యాటలో వెనుకవరుసకు స్తంభమువంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. జపానును రెండు గోల్సతో ఓడించి సెమీఫైనలు చేరెను.

జర్నైల్ సింగు పంజాబువాడు. మోహన్ బగాన్ జట్టువాడు. ఆసియాలో మేటి రక్షకుడని పేరుగాంచినవాడు. తలకు కట్టు కట్టుకొన్నవానిని వెనుక నిలిపినచో ఎగిరివచ్చు బంతులను తలతో తరిమికొట్టుట అతని కపాయకరము. పక్కన కూర్చుండబెట్టినచో జట్టు బలము తగ్గును. వేరొక శిక్షకుడైన ఈ రెంటిలో నొకటి యెన్నుకొనియుండును. రహీమ్ సాహెబు మూడవ త్రోవ తీసెను. రక్షకుని ముందువరుసకు పంపెను. అతని బలమును చూచి ఎదుటి రక్షకులు కలవరపడుదురనియు, ఆ కలవరమున పి.కె. బెనర్జీ, చూణీ గోస్వామి, బలరాములకు దారి దొరకుననియు ఆయన లెక్క. దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలున ఆ లెక్క నిజమయ్యెను. భారతదేశము మూడు గోల్సకు రెంటితో గెలిచెను. అందొకటి జర్నైల్ సింగుదే.

ఫైనలు సెప్టెంబరు 4వ తేదీన. ఎదిరి మరల దక్షిణ కొరియా. ఆట కంటె ఆటవెలుపలి సంగతులే అప్పుడు భయంకరముగ నుండెను. ఇజ్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయనందున, క్రీడాసమాఖ్యలోని భారతీయ ప్రముఖుడు జి.డి. సోంధీ ఆ క్రీడల గుర్తింపును ప్రశ్నించెను. ఇండొనీషియా ప్రజలకు భారతదేశముపై కోపము రగిలెను. జకార్తాలోని భారత రాయబార కార్యాలయముపై అల్లరిమూకలు దాడి చేసెను. మైదానమున నిండిన జనము, దాదాపు లక్ష యని యంచనా, భారత జట్టు పేరు విన్నంతనే అరచి గేలి చేయుచుండెను. ఆ జనసముద్రమున భారత జట్టునకై కేకలు వేసినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రు కొందరని చెప్పుదురు.

ముందటి రాత్రి ఆటగాండ్రకు నిద్ర పట్టలేదు. రహీమ్ సాహెబు వారివద్దనే యుండి, మరునాటి స్వర్ణపతకమును తనకు కానుకగా ఇమ్మని కోరెనని ఆ యాటగాండ్రు తమ వృద్ధాప్యము వరకు తలచుకొనుచుండిరి. గోల్ కీపరు పీటర్ తంగరాజ్ హైదరాబాదున పుట్టినవాడు. జ్వరముచే కొన్ని యాటలకు దూరమైయుండెను. ఆ దినమున రహీమ్ సాహెబు అతనినే గోలులో నిలిపెను. తలకు కట్టుతో జర్నైల్ సింగు ముందువరుసలో నిలిచెను. ఆట మొదలైన ఇరువది నిమిషములలోపలనే పి.కె. బెనర్జీ ఒకటియు, జర్నైల్ సింగు ఒకటియు గోల్సు చేసిరి. కొరియా చివరి నిమిషములలో ఒక గోలు తిరిగి చేసెను గాని అప్పటికి వేళ మించెను. తొలియాటలో తమ్ము ఓడించిన జట్టునే తుదియాటలో ఓడించి భారతీయులు స్వర్ణపతకము గొనిరి.

స్వదేశము చేరిన పిమ్మట రహీమ్ సాహెబు ఎక్కువ కాలము తిరుగలేదు. వ్యాధి ముదిరి మంచము పట్టెను. 1963 జూన్ 11వ తేదీన కన్నుమూసెను. యాబదినాలుగవ యేడు ఇంకను నిండలేదు. మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘపు కార్యదర్శిత్వము ఆయనదే.

ప్రభుత్వము పద్మ బిరుదు నాయన కీయలేదు. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారము నెలకొల్పినది 1985లో. అప్పటికి ఆయన పోయి ఇరువదిరెండేండ్లు. ఫుట్‌బాలునందు ఆ పురస్కారమును 1990లో పొందిన సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదువాడే. వెనుకవరుస ఆటగాడై పేరు గాంచి, తరువాత శిక్షకుడైనవాడు. 1970లో బాంకాకులో జరిగిన ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారత జట్టునకు నాయకుడును అతడే. షాహిద్ హకీమ్ వాయుసేనలో ఉద్యోగము చేసి, అంతర్జాతీయ రిఫరీగా పనిచేసి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము పొంది, 2021లో మరణించెను. అద్దె సైకిలుపై వచ్చి ఆడిన బలరామ్ 2023 ఫిబ్రవరిలో బెంగాలున కన్నుమూసెను. మరుసటి యేడు, 2024 ఏప్రిలులో, రహీమ్ సాహెబు జీవితమును ఆధారము చేసికొని మైదాన్ అను హిందీ చిత్రము వెలువడెను. జకార్తా తరువాత ఆసియా క్రీడలలో భారత పురుషుల ఫుట్‌బాలు జట్టు పొందిన పతకము బాంకాకు కాంస్యమొక్కటే. స్వర్ణము మరల రాలేదు.